వాగ్దానానికి గడువు పెట్టేదెవరు?



డిసెంబరు 31 రాత్రి మన తెలుగు క్రైస్తవ సంఘాలలో అనేకచోట్ల ఒక వాడుక ఉన్నది. ఆరాధన చివర ఒక్కొక్కరూ వెళ్లి ఒక వాగ్దానపు చీటీ తీసుకొంటారు. కొత్త సంవత్సరానికి దేవుడు తమకిచ్చిన మాటగా దానిని భద్రపరచుకొంటారు. ఈ వాడుకను నేను తప్పుపట్టను. నా బైబిలులోనూ అటువంటి చీటీలు చాలానే ఉన్నాయి. అయితే ఆ వాక్యం ఎవరితో, ఎప్పుడు, ఏ స్థితిలో పలికినదో చీటీ మీద ఉండదు. సందర్భం తెలియక పద్యానికి అర్థం చెప్పవద్దని ముప్పదియేళ్లకు పైగా పిల్లలకు బోధించిన తెలుగు పండితుణ్ణి నేను. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ఆ చీటీలలో తరచుగా కనబడేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తన ప్రజలకు తలపెట్టినది కీడు కాదు, క్షేమమే అన్నది దాని సారం. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా యెరూషలేము నుండి పంపిన లేఖలోనిది ఆ మాట. దానికి ముందున్న వచనమే గడువు చెబుతున్నది: 70 సంవత్సరాలు! లేఖ విన్న పెద్దలలో అనేకులు ఆ విడుదలను కన్నులారా చూచి ఉండరు. అయినా వారికి అందిన ఆజ్ఞ ఏమిటి? ఇండ్లు కట్టుకొనాలి, తోటలు నాటాలి, బిడ్డలకు పెండ్లిండ్లు చేయాలి, ఆ పరాయి పట్టణపు క్షేమం కొరకు ప్రార్థించాలి.

ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో బబులోను కాడి విరుగుతుందని అతడు దేవాలయంలో ప్రకటించాడు. వినడానికి ఎంత తియ్యని మాట! విరగలేదు సరికదా, క్రీ.పూ. 586 నాటికి యెరూషలేమే కూలింది.

హనన్యాలు నేటికీ ఉన్నారు. ఈ నెలలో ఉద్యోగం, ఈ వారంలో స్వస్థత అని దేవుని పేర గడువులు పెడతారు. గడువు దాటితే, విశ్వాసం చాలలేదని రోగి మీదనే నెపం వేస్తారు. ఆ మాట నమ్మి మందులు మానినవారి ఇంటి దుఃఖానికి ఎవరు బాధ్యులు? దేవుడు ఇవ్వని మాట నెరవేరలేదని దేవుని శంకించడం న్యాయమా?

నిజమైన నమ్మకం ఎలా ఉంటుందో అదే గ్రంథం 32వ అధ్యాయం చూపుతున్నది. బబులోను సేన నగరాన్ని ముట్టడించి ఉన్నది. యిర్మీయా బందీగా ఉన్నాడు. ఆ స్థితిలో అనాతోతులోని తన పినతండ్రి కుమారుని పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పెట్టి, క్రయపత్రాలను మట్టికుండలో దాచమని బారూకుకు అప్పగించాడు. ఆ నేలమీద మరల పొలాలు కొంటారన్న దేవుని మాటే ఆయనకు ఆధారం. ఆయన ఆ పొలం దున్నినట్లు ఎక్కడా లేదు. తరువాత ఆయనను ఐగుప్తుకు తీసుకొనిపోయారు. చెరలోనివారు తిరిగి రావడానికి కోరెషు అనుమతించినది క్రీ.పూ. 538లో.

మన భాషలో ‘నమ్మకం’ అనే మాట నమ్మేవానికీ, నమ్మదగినవానికీ చెల్లుతుంది. హెబ్రీలో విశ్వాస్యతను తెలిపే ‘ఎమూనా’, మనం ప్రార్థన చివర పలికే ‘ఆమేన్’ ఒకే ధాతువు నుండి పుట్టినవి. స్థిరత్వం దాని భావం. ఆమేన్ అంటే దేవుని తొందరపెట్టడం కాదు. ఆయన నిలకడను ఒప్పుకొని మనమూ నిలబడడం.

చీటీలు పంచే పెద్దలకు నా మనవి ఒక్కటే: ఇంటికి వెళ్లి ఆ అధ్యాయమంతా చదవమని కూడా చెప్పండి. ఇది నా అభిప్రాయం. భిన్నాభిప్రాయం ఉన్నవారు నిస్సంకోచంగా తెలుపగలరు.