జాగ మనది, విచారణ తేదీ వాళ్లదా?

విచారణ పొద్దున 11 గంటలకు. అదే గంటకు లాడ్‌బజార్‌లో లక్కగాజుల దుకాణం షట్టర్ లేస్తుంది. మగ్గం పనివాడు కార్ఖానాలో కూర్చుంటాడు. ఆటో అన్న మదీనా కాడ సవారీ కోసం చూస్తుంటాడు. వీళ్ల ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పు కావాలె, ఎవరి గోడ ఎంతమేర కూలాలె అనే ముచ్చట ఆ గంటకే ఒక ఆఫీసు గదిలో నడుస్తుంది. సాయంత్రానికి ఫైలు మీద ఒక్క వాక్యం పడుతుంది: అభ్యంతరాలు రాలేదు.

రాలేదా, రానియ్యలేదా? మేమడిగేది ఈ ఒక్క ప్రశ్నే.

అసొంటి విచారణకు ఒకదానికి మేమూ పోయినం. గదిలో అధికారులున్నరు, కుర్చీలున్నయి, జనం లేరు. గల్లీకి తిరిగొచ్చి అడిగితే సగంమందికి తేదీయే తెలియదు. తెలిసినోళ్లు రోజు కూలి పోగొట్టుకోలేక రాలేదు. దీన్ని ప్రజల మౌనం అని రాసుకుంటే, అది ప్రజల మీద వేసిన నింద.

చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 2013 భూసేకరణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం సామాజిక ప్రభావ మదింపు మీద బహిరంగ విచారణ జరపాలె. అది కూడా ప్రభావిత ప్రాంతంలోనే, తేదీ, సమయం, స్థలం గురించి తగిన ప్రచారం చేసి. 15వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరాలకు 60 రోజుల గడువుంది. మూడేండ్లుగా ఆ జాగ మీదనే బతుకుతున్న కిరాయిదార్లను, చేతిపనివాళ్లను కూడా ఈ చట్టం బాధిత కుటుంబాల లెక్కలో చేర్చింది. పాతబస్తీకి ఇది ప్రాణం లాంటి మాట. ఇక్కడ మల్గి ఒకరిది, అందులో వ్యాపారం ఇంకొకరిది, వెనక గదిలో పని మరొకరిది. పట్టా కాగితం మీద కనబడేది మొదటివాడు ఒక్కడే. మిగిలిన ఇద్దరూ కనబడేది ఆ మదింపులో, ఆ విచారణలో.

ఆ విచారణకే గండి పడింది. 2017 నాటి తెలంగాణ సవరణ చట్టం మౌలిక వసతుల లాంటి ప్రాజెక్టులను సామాజిక ప్రభావ మదింపు నుంచి మినహాయించే అధికారాన్ని సర్కారుకిచ్చింది. మన జాగల మీద మన మాట చెల్లాలని రోడ్లెక్కినం, లాఠీలు తిన్నం. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. మూడేండ్లకే మన శాసనసభలోనే మన నోటికి తాళం తయారైంది. అదే 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసిండ్రు. భాషనిచ్చిండ్రు, మాట్లాడే జాగను గుంజుకున్నరు. అధికారంలో జెండాలు మారినయి.

భూ వినియోగ మార్పుల సంగతి ఇంకా అన్యాయం. హుడా కాలం నుంచి ముసాయిదా జీవోల్లో కనబడే గడువు 15 రోజులు. అదీ గెజిట్‌లో అచ్చయిన నాటి నుంచి. షాలిబండలో గెజిట్ చదివేదెవరు?

ఆలస్యమైతే అభివృద్ధి ఆగుతుందని అధికారులంటరు. సరే, లెక్క చూద్దాం. మెట్రో ఒప్పందం 2010లో జరిగింది. ఎంజీబీఎస్ దాకా రైలు వచ్చింది 2020 ఫిబ్రవరిలో. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్ల పాతబస్తీ దారికి శంకుస్థాపన 2024 మార్చిలో. ఈ పద్నాలుగేండ్లలో దారుల్‌షిఫా, హరిబౌలి, అలియాబాద్ జనం మాట వినడానికి 60 రోజులు దొరకవా? మెట్రో రావాలె. మాకు రైలు మీద పగ లేదు. మమ్మల్ని అడగకుండా గోడ మీద గీత గీయడం మీదనే పగ. 2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డు ఇండ్ల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డప్పుడు జనం ఎందుకు భగ్గుమన్నరో అప్పుడైనా సోయి రావాల్సింది.

ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు పద్ధతి వేరేగా ఉంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసియ్యాలె, జిల్లా కలెక్టరో ఆయన ప్రతినిధో కూర్చోవాలె, మొత్తం వీడియో తీయాలె, జనం చెప్పింది స్థానిక భాషలో చదివి వినిపించాలె. ఫ్యాక్టరీకి దక్కిన మర్యాద గల్లీకి ఎందుకు దక్కదు?

మేమడిగేది ఆకాశం కాదు. ఏడాది మొదట్లోనే విచారణల క్యాలెండర్ ప్రకటించండి. విచారణ బస్తీలోనే, పని దిగిన తర్వాత రాత్రి 8 గంటలకు పెట్టండి. రంజాన్ నెలలో, మొహర్రం, బోనాల రోజుల్లో వద్దు. నోటీసు తెలుగులో, ఉర్దూలో ప్రతి గల్లీ మొదట్లో, మజీదు కాడ, గుడి కాడ అంటించండి. కిరాయిదారు మాటనూ రాసుకోండి. ప్రతి అభ్యంతరానికి రాతపూర్వక జవాబియ్యండి. మదింపు నుంచి మినహాయింపు ఇవ్వడం సర్కారు ఇష్టమైతే, ఇవ్వకపోవడమూ దాని ఇష్టమే. పాతబస్తీలో దాన్ని వాడమని చెప్పండి.

ఉద్యోగ మిత్రులారా, ఆ విచారణ గదిలో ఫైలు రాసేది మీరే. ‘అభ్యంతరాలు రాలేదు’ అని రాసేముందు ఒక్కసారి కిటికీలోంచి పట్నం దిక్కు చూడండి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గెజిట్ తెచ్చి గల్లీలో చదివి వినిపించే పని మీది. నాడు కరపత్రాలు పంచినట్టే నేడు నోటీసులు పంచండి. రాష్ట్రం వచ్చింది. మన జాగ మీద మన మాట ఇంకా రావాల్సే ఉంది.