ఆ మార్కుల కాగితం ఎక్కడ?

ఆ మధ్య ఒక జిల్లా కేంద్రంలో అండర్-16 అమ్మాయిల బాస్కెట్‌బాల్ సెలక్షన్స్ చూశాను. సిమెంటు కోర్టు, ఒక రింగుకు నెట్ లేదు. పొద్దున ఏడింటికల్లా రమ్మన్నారు. సెక్రటరీగారు వచ్చేసరికి పదిన్నర దాటింది. అప్పటిదాకా పిల్లలు ప్లాస్టిక్ కవర్లలో బర్త్ సర్టిఫికెట్, బోనఫైడ్, ఆధార్ జిరాక్సు పెట్టుకుని ఎండలో కూర్చున్నారు. పల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఒక అమ్మాయి రెండు చేతులతోనూ తేలిగ్గా లేఅప్ వేస్తోంది. "ఈ పిల్ల స్టేట్ ఆడి తీరాలి సార్" అన్నారు నా పక్కనున్న పీఈటీ మాస్టారు. సాయంత్రం చదివిన జాబితాలో ఆ పేరు లేదు. ఎందుకు లేదని వాళ్ల నాన్న అడిగితే, మార్కులు వేసిన కాగితం చూపించడానికి ఎవరి దగ్గరా లేదు.

ఆ కాగితం సంగతి తేలాలంటే ఢిల్లీ దాకా నిచ్చెన ఎక్కి చూడాలి.

మన దేశంలో ఈ ఆటను నడిపేది 1950లో ఏర్పడిన భారత బాస్కెట్‌బాల్ ఫెడరేషన్. జిల్లా సంఘాలు కలిస్తే రాష్ట్ర సంఘం, రాష్ట్ర సంఘాలతో పాటు రైల్వేస్, సర్వీసెస్ వంటి యూనిట్లు కలిస్తే ఫెడరేషన్. పైన స్విట్జర్లాండ్‌లోని మీస్ పట్టణంలో అంతర్జాతీయ సమాఖ్య ఫీబా ఉంటుంది. అది దేశానికి ఒక్క సంఘాన్నే గుర్తిస్తుంది. ఇటు కేంద్ర క్రీడాశాఖ గుర్తింపూ కావాలి. క్యాంపులు, విదేశీ పర్యటనలకు సర్కారు సొమ్ము రావాలంటే ఏటా శిక్షణ, పోటీల క్యాలెండర్ ఆ శాఖకు సమర్పించి ఒప్పించుకోవాలి.

ఇదంతా కాగితం మీద సక్రమంగానే ఉంటుంది. చిక్కంతా ఓటు దగ్గర. ఢిల్లీలో అధ్యక్షుడు కావాలంటే రాష్ట్ర సంఘాల ఓట్లు కావాలి. రాష్ట్రంలో పదవి కావాలంటే జిల్లాల ఓట్లు కావాలి. మరి జిల్లా సెక్రటరీని ఎన్నుకున్నది ఎవరు? ఆ ఊరి కోర్టులో రోజూ చెమటోడ్చేవాళ్లను అడిగి చూడండి, చాలాచోట్ల జవాబు దొరకదు. ఓట్లు కింది నుంచి పైకి పోతాయి కాబట్టి కింద ఏం జరిగినా పైవాళ్లు గట్టిగా అడగరు. గట్టిగా అడిగితే వచ్చే ఎన్నికల్లో ఆ ఓటు పోతుంది. నాకు అర్థమైనంతలో మన క్రీడాసంఘాల అసలు జబ్బు ఇదే.

దీనివల్ల ఎంత నష్టమో చెప్పడానికి ఒక్క ఏడాది చాలు. 2014 జులైలో చైనాలోని వుహాన్‌లో జరిగిన ఫీబా ఆసియా కప్‌లో మన పురుషుల జట్టు 65-58తో చైనాను ఓడించింది. అమెరికన్ కోచ్ స్కాట్ ఫ్లెమింగ్ తీర్చిదిద్దిన జట్టు అది. 1980 మాస్కో తర్వాత ఒలింపిక్స్ ముఖమే చూడని జట్టు, చైనాను చైనాలోనే ఓడించింది! ఆ ఊపును అందుకోవలసిన సమయంలో, 2015 మార్చిలో, ఫెడరేషన్ రెండుగా చీలింది. బెంగళూరులో ఒక ఎన్నిక జరిగి కాంగ్రెస్ నాయకుడు కె. గోవిందరాజ్ అధ్యక్షుడయ్యారు. పుణెలో ఇంకో ఎన్నిక జరిగి బీజేపీ ఎంపీ పూనమ్ మహాజన్ అధ్యక్షురాలయ్యారు. చివరికి గోవిందరాజ్ వర్గాన్ని ఫీబా గుర్తించింది. ఆ జూన్‌లోనే పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. దేశమంతా పిల్లలు ఈ ఆట వైపు తల తిప్పిన ఆ రోజుల్లో, ఆటను నడపాల్సిన పెద్దలు అసలు ఫెడరేషన్ ఎవరిదన్న తగువులో ఉన్నారు. ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగాయన్న సామెత మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు.

జిల్లా సెక్రటరీలంతా ఒకటే అనడం అన్యాయం. సొంత డబ్బుతో పిల్లలకు రైలు టికెట్లు కొని, నేషనల్స్‌లో వాళ్లతో పాటు డార్మిటరీ నేల మీద పడుకున్న సెక్రటరీలు నాకు తెలుసు. అలాంటివాళ్లు దొరకడం పిల్లల అదృష్టం. దొరకని జిల్లాలో పుట్టిన పిల్ల మాటేమిటి? స్టేట్ ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటుకైనా, కొలువుకైనా ఒక ఆశ ఉంటుంది. ఆ సంతకం చేసే కలానికి లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉండి తీరాలి.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. జాతీయ ఫెడరేషన్ కార్యవర్గం 15 మందికి మించకూడదు, అందులో విశిష్ట క్రీడాకారులకు, మహిళలకు చోటుండాలి, వివాదాలు తేల్చడానికి ట్రైబ్యునల్ ఉండాలి అంటుంది ఆ చట్టం. చాలా ఏళ్ల కిందటే రావాల్సింది, వచ్చినందుకు సంతోషం. అయితే ఢిల్లీ గదిలో ఆటగాళ్లు కూర్చున్నంత మాత్రాన మన ఊరి కోర్టుకు నెట్ రాదు. జిల్లా గడప దగ్గర పని మనమే చేసుకోవాలి.

జిల్లా సంఘం చాలాచోట్ల రిజిస్టరైన సొసైటీ. దానికి సభ్యుల జాబితా ఉంటుంది, ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, లెక్కలు చూపాలి. నారాయణగూడ వైఎంసీఏలోనో, మీ ఊరి హైస్కూలు కోర్టులోనో ఆడి పెరిగి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీరంతా ఆ సంఘంలో సభ్యత్వం అడగండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా అడగండి. పిల్లల్ని సెలక్షన్స్‌కు తీసుకెళ్లే అమ్మానాన్నలకు ఒకటే మనవి: ఈసారి జాబితా చదివాక ఇంటికి బయల్దేరకండి. ఎవరికి ఎన్ని మార్కులు వేశారో ఆ కాగితం కోర్టు గోడకు అంటించేదాకా అక్కడే నిలబడండి.