‘ఒకటి రెండు చోట్ల’ అంటే మన పొలం కాదు



గోపాలపూర్‌లో మబ్బు వస్తోంది, పోతోంది. మన పేటలో సగం ఇళ్లకి ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఎకరమో అరెకరమో ఉంది. సాగు అన్నదమ్ములది, విత్తనాల డబ్బు మన మిల్లు జీతంలోది. అందుకే ఈ నెల వాన కబురు.

2015లో ఒడిశాలో కరువు. మా బావమరిది ఫోను చేసి, "బావా, వానలు పడతాయన్నారు, వెద జల్లేయనా?" అన్నాడు. జల్లేయమన్నాను. చినుకు పక్కూళ్లో పడింది. మొలక వచ్చి మాడిపోయింది. ఆ అప్పు రెండేళ్లు తీర్చాను. తప్పు కబురుది కాదు, నేను సగమే విన్నాను. వాళ్లు చెప్పింది ‘ఒకటి రెండు చోట్ల’ అని.

తరవాత తెలుసుకున్నాను. వాన కొలిచే కేంద్రాలు వంద ఉంటే, పాతిక లోపు తడిస్తే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. 26 నుంచి 50 దాకా ‘కొన్ని చోట్ల’. 75 దాటితే ‘దాదాపు అన్ని చోట్లా’. ఒక కండె చూసి లాటంతా బాగుందని మిల్లులో ఎవరూ అనరు కదా. ఇదీ అంతే.

ఎంత వాన అన్నది రెండో మాట. తేలికపాటి అంటే 15.5 మిల్లీమీటర్లు మించదు. ఎండిన నేలకి అది పైపూతే. మోస్తరు వాన 64.4 దాకా. అలాటిది పడి, పదును లోపలికి దిగితేనే వెద.

మూడోది, ఎన్నాళ్లకి చెప్పారన్నది. రైతుల సలహా మంగళవారం, శుక్రవారం వస్తుంది, అయిదు రోజులకి. రేపటి మాట గట్టిది, అయిదో రోజు మాట పలచన. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన ఒడ్డునే తాకింది. రోజుల ముందే చెప్పారు, లక్షల మంది బతికారు. తుపాను పెద్దది, దూరం నుంచే కనపడుతుంది. సాయంత్రం ఉరిమే మబ్బు చిన్నది, ఏ ఊరి మీద కురుస్తుందో ముందురోజు చెప్పడం కష్టం.

మొన్న బావమరిది మళ్లీ ఫోను చేశాడు. "ఎన్ని చోట్లన్నారు? ఎంతన్నారు? ఎన్నాళ్లకి?" అని అడిగాను. "కొన్ని చోట్ల, తేలికపాటి, రెండు రోజులు బావా" అన్నాడు.

"అయితే విత్తనం గాదెలోనే ఉంచరా. మరీ ఆలస్యమైతే మెట్టలో చోళ్లో ఉలవలో వేద్దాం" అన్నాను.

మీ ఊరికి డబ్బు పంపే ముందు మీరూ ఆ మూడూ అడగండి.