ప్రమాణం దేవుడి మీద చేస్తే..

మతం, రాజకీయం కలిస్తే గొడవే అంటాం. మన వాట్సాప్ గ్రూపులు చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ పెషావర్ సంగతి తెలిశాక నేను కాస్త ఆలోచనలో పడ్డాను.

పఠాన్లకు పగ తీర్చుకోవడం పరువుకు సంబంధించిన విషయం. అలాంటి చోట ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో ‘ఖుదాయీ ఖిద్మత్‌గార్’ మొదలుపెట్టారు. అంటే దేవుడి సేవకులు. హింసకు దిగను, పగ తీర్చుకోను అని ప్రమాణం చేస్తేనే చేర్చుకునేవారు. దేవుడికి మన సేవ అక్కర్లేదు, ఆయన సృష్టించిన మనుషులకు చేస్తే చాలు అన్నది వాళ్ల నమ్మకం. ఓర్పు ప్రవక్త చూపిన దారేనని గఫార్ ఖాన్ చెప్పేవారు. అందుకే అహింస వాళ్లకు బయటి సరుకులా అనిపించలేదు.

1930 ఏప్రిల్ 23న ఆయన్ని అరెస్టు చేశారు. అదే రోజు పెషావర్ కిస్సాఖ్వానీ బజార్‌లో నిరాయుధులైన జనం మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఎంతోమంది చనిపోయారు. గఢ్వాలీ సైనికులు కొందరు మాత్రం ‘మేం కాల్చం’ అనేశారు. కాల్చనన్నవాళ్లు హిందువులు, ఎదురుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ సైనికుల్లో చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది.

నాయకుడు జైల్లో ఉన్నా ఉద్యమం ఆగలేదు, చేరేవాళ్లు ఇంకా పెరిగారు. ఎందుకంటే వాళ్లు ప్రమాణం చేసింది నాయకుడి మీద కాదు కదా!

దేవుడి పేరు చెప్పి మనల్ని ఎవరైనా పిలిస్తే ఒక్కటే అడుగుదాం: కొట్టమంటున్నారా, ఓర్చుకోమంటున్నారా?