మిత్తికి మొదటి బంతి, మన పిల్లలకు కడ బంతి

ఊళ్లె పెండ్లయితే మాల మాదిగలను ఏ బంతిల కూసోబెడుతరో చెప్పాల్సిన పనిలేదు. సర్కారు బడ్జెట్‌లో కూడా అట్లాంటి బంతులే ఉన్నయి.

రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం రాష్ట్రం చేసిన అప్పు, దాని మిత్తి నేరుగా ఖజానా మీద పడుతయి. గవర్నరు జీతం, హైకోర్టు జడ్జీల జీతాలు కూడా అంతే. వీటిమీద అసెంబ్లీలో చర్చ చేయొచ్చు గానీ ఓటు ఉండదని 203 చెప్తది. హాస్టలు మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పులు మాత్రం ఓటుకు రావాలె, ఓటు పడ్డంక కూడా పైసలు మిగిలితేనే రావాలె. మరి షెడ్యూల్డు కులాల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడమన్న 46వ అధికరణం ఏమైంది? అది ఆదేశిక సూత్రమట. దాన్ని కోర్టుల ద్వారా అమలు చేయించలేమని 37 ముందే తలుపు మూసింది.

అన్ని అప్పులూ న్యాయమైనవి కావని చెప్పిన పండితులు ఉన్నరు. 1927లో అలెగ్జాండర్ సాక్ అనే రష్యా న్యాయవేత్త మూడు గుర్తులు చెప్పిండు: జనం ఒప్పుకోలే, జనానికి మేలు కాలే, ఆ సంగతి అప్పిచ్చినోడికి తెలుసు. అటువంటి అప్పు జనం నెత్తిన పడదన్నడు. 2008లో ఈక్వడార్ దేశం తన అప్పులను ఆడిట్ చేయించి కొన్ని బాండ్లకు మిత్తి కట్టుడు ఆపేసింది. మనకు ఇది పరాయి ముచ్చట కాదు. తాత చేసిన బాకీకి మనుమడు జీతముండే కాలం మన వాడలకు ఎరుకే. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ఆ బాకీలనే రద్దు చేసింది.

ఇక మన అప్పు చూద్దాం. కాళేశ్వరం కార్పొరేషన్ పేరున 87,449 కోట్ల అప్పులకు ఒప్పందాలైనయని 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. మిత్తి మాత్రం కుంగలే! పారిన నీళ్లన్నా భూమి ఉన్నోడి పొలానికే పారుతయి. ఆర్మూరు దిక్కు పసుపు తవ్వి, ఉడకబెట్టి, చేతులు పచ్చగైన మన అక్కల్లో భూమి ఉన్నోళ్లెందరు? అప్పు భారం మాత్రం వాళ్లమీద కూడా పడుతది.

ఎన్నికైన సర్కారు చేసిన అప్పుకు సాక్ మాట అంటదని వకీళ్లంటరు. ఒప్పుకుంట. బ్యాంకుల్లో ఉన్నవి జనం డిపాజిట్లే, ఎగ్గొట్టుమని నేననను. కాని ఒక్కొక్క అప్పు మీద ఎవరు సంతకం పెట్టిన్రు, ఏ కాంట్రాక్టరుకు ఎంత ముట్టింది, లెక్క బయటపెట్టాలె. ఇంకొకటి. అసెంబ్లీ చట్టం చేస్తే ఏ ఖర్చునైనా మొదటి బంతిల కూసోబెట్టొచ్చని అదే 202వ అధికరణంలో రాసి ఉన్నది. మెస్ చార్జీలకు, స్కాలర్‌షిప్పులకు ఆ చట్టం చేయుండ్రి. రేపు ఓట్లకొచ్చే ప్రతి ఎమ్మెల్యేని ఈ అధికరణం నంబరు చెప్పి మరీ అడుగుండ్రి.