అద్దెకొట్లు – ఆస్తిపన్ను

మన సభ్యులలో కొందఱు పంటసొమ్ముతో సమీప పట్టణమునందు రెండుమూడు కొట్లు కట్టించి అద్దెకిచ్చుచున్నారు. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలో 2021 ఏప్రిల్ వఱకు ఆస్తిపన్ను వార్షికపు అద్దె విలువనుబట్టి యుండెడిది. నాటినుండి ఆస్తియొక్క మూలధనపు విలువనుబట్టి విధింపఁబడుచున్నది. నివాసేతర కట్టడములకు ఆ విలువపై నూటికి 0.20 మొదలు 2 వఱకు రేటు నిర్ణయింపవచ్చును. కట్టడమును మార్పనియెడల ఏటి పెంపు నూటికి 15కు మించరాదను కట్టుబాటు కలదు, మంచిదే. కాని అద్దె సగమైనను పన్ను తగ్గదు.

ఇది నాకు న్యాయముగఁ దోఁపదు. పూర్వము పైరు పోయిన యేట శిస్తులో వజా యిచ్చెడివారు గదా! అద్దె పడిపోయిన కొట్టునకు మాత్రము ఆ న్యాయ మేల వర్తింపరాదు? సభ్యులు పురపాలక సంఘమునకు ఈ మాట వ్రాతమూలకముగ నివేదింపవలెను.

ఈలోపల మనచేతిలోని పని యొకటి కలదు. కొట్టద్దె వ్యవసాయాదాయము కాదు. ఆదాయపు పన్నుకు లోఁబడును. యజమాని తానుగాఁ జెల్లించిన ఆస్తిపన్ను, చెల్లించిన సంవత్సరమందే, అద్దెనుండి తీసివేయఁబడును. మిగిలినదానిలో నూటికి 30 మినహాయింపు. పన్ను నీవే కట్టుకొమ్మని అద్దెదారునకు వదలిన యజమాని ఆ మొదటి తీసివేతను గోల్పోవును. వర్తకపు లైసెన్సు రుసుము మాత్రము వ్యాపారిదే. అద్దెపత్రములో ఈ రెంటిని వేఱువేఱుగ వ్రాయించి, పన్ను రసీదులు మీపేరనే యుంచుకొనుఁడు.