మిక్సరు దగ్గర కూర్చున్నవాడి జీతమెంత?

అమెరికా చర్చిల ఉద్యోగ ప్రకటనలలో ఒక పదవి తరచుగా కనబడుతుంది: టెక్నికల్ ఆర్ట్స్ డైరెక్టర్. ధ్వని, దీపాలు, తెర మీది అక్షరాలు, కెమెరాలు, వీటన్నిటికీ బాధ్యుడైన పూర్తికాలపు ఉద్యోగి. పాస్టరుగారికి జీతమున్నట్టే ఆయనకూ జీతముంటుంది, సెలవులుంటాయి. ఈ పదవిని తెలుగులో ఏమనాలో నాకింతవరకు తోచలేదు. "సాంకేతిక కళా నిర్దేశకుడు" అంటే దూరదర్శన్ వార్తలు వింటున్నట్టుంటుంది. మా ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో ఆ పని చేసేవాడికి ఏనాటినుంచో ఒక పేరుంది: మైకుల కుర్రాడు. అది పదవి కాదు, పిలుపు. "ఒరేయ్, మైకు కూస్తోంది చూడరా" అనడానికి పనికివచ్చే పిలుపు.

ఆ కుర్రాడికి జీతమివ్వాలనీ, జీతంతోపాటు ధ్వని తగ్గించే అధికారం కూడా ఇవ్వాలనీ నా అభిప్రాయం. ఇందులో రెండవదే ముఖ్యమైనది. మొదటిది లేకపోతే రెండవది నిలవదు గనుక రెంటినీ కలిపి అడుగుతున్నాను.

చర్చి గొడవ మనకెందుకనుకునే మిత్రులకు కొంచెం నేపథ్యం చెప్పాలి. 1836లో నరసాపురంలో గోదావరి డెల్టా మిషను మొదలైంది. 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీ వారు ఆ తరువాత ఏలూరు చేరారు. కతోలికులకు 1976 నుండి ఏలూరు ప్రత్యేక పీఠం. లూథరన్లు, బాప్టిస్టులు, బైబిలు మిషను, పెంతెకొస్తు సంఘాలు సరేసరి. మెట్టన తాడేపల్లిగూడెం మొదలుకొని దిగువన కొల్లేటి లంకల దాకా చాలా ఊళ్ళలో ఒక ప్రార్థన మందిరముంటుంది. ఆ మందిరం రేకుల పాక అయినా కావచ్చు గాని, అందులో ఒక ఆంప్లిఫయరు, రెండు పెట్టెలు, ఒక కీబోర్డు, తాళానికి ప్యాడ్సు ఉండి తీరుతాయి.

పాత మిషను చర్చిలు ఎత్తైన పెంకుటి కప్పుతో, చెక్క దూలాలతో, బారులు తీరిన కిటికీలతో కట్టినవి. మైకు లేని కాలం నాటివి కాబట్టి మనిషి గొంతును లెక్కలో పెట్టుకుని కట్టారనిపిస్తుంది. ఇప్పటి మందిరాలు నాలుగు నున్నని గోడలు, పైన కాంక్రీటు స్లాబు, కింద నిగనిగలాడే టైల్సు. మాట వెళ్ళి గోడకు తగులుతుంది, తిరిగివస్తుంది, మళ్ళీ తగులుతుంది. మొదటి మాట ఇంకా చావకముందే రెండవ మాట పుడుతుంది. ఇది కొత్త సమస్యేమీ కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడంలేదని, ఆ సంగతి తేల్చే పని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన సమీపంలోని శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం మోగించి, ఎన్ని మెత్తలకు ప్రతిధ్వని ఎంతసేపట్లో అణగుతుందో లెక్కకట్టాడు. గది పెద్దదయ్యేకొద్దీ ప్రతిధ్వని సాగుతుంది. శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు పెరిగేకొద్దీ తగ్గుతుంది. మనుషులు కూడా పీల్చుకునే వస్తువులేనని ఆయన లెక్కలోనే తేలింది. అంచేత శనివారం సాయంత్రం ఖాళీ మందిరంలో సరిచూసుకున్న ధ్వని ఆదివారం జనం నిండాక చెల్లదు. ఎవరో ఒకరు కూర్చుని, విని, మళ్ళీ సవరించాలి. జనం పలచగా వచ్చే వర్షాకాలపు ఆదివారం మరో సవరణ. ఈ పనిని ఏ యంత్రమూ తనంతట తాను చేయదు.

ఇంత ప్రతిధ్వని ఉన్న చోట మన వాళ్ళు మళ్ళీ ఎకో పెట్టిస్తారు! ప్రసంగీకుడి గొంతు ఆకాశం నుండి వచ్చినట్టు వినిపించాలట. దీనితో నాకు పేచీ ఉంది. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణములన్నారు. గొంతులోని బలమంతా నిజంగా అచ్చులలోనే ఉంటుంది. కాని ఒక మాటకూ మరో మాటకూ తేడా తెలిసేది ఎక్కువగా హల్లులవల్ల. ఆ హల్లుల సన్నని శబ్దంలో ముఖ్యమైన భాగం సుమారు 2000 నుంచి 4000 హెర్ట్జుల మధ్య ఉంటుంది. వయసు మీరినప్పుడు మనిషి చెవి ముందుగా పోగొట్టుకునేది హెచ్చు స్థాయి శబ్దాలనే. ఇప్పుడు వెనుక వరుసలో, గోడకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మను తలచుకోండి. ఆమెకు వినబడనిది హల్లు. "వినబడటంలేదు నాయనా" అని ఆమె అంటే మనం పెంచేది మొత్తం ధ్వనిని, అంటే ముఖ్యంగా అచ్చులను. దానిమీద ఎకో ఒకటి. ఆమె చెవిలో హోరు రెట్టింపవుతుంది, వాక్యం మాత్రం అంతే దూరంలో ఉండిపోతుంది. ఇక ముందు వరుస సంగతి. మన సంఘాలలో పిల్లలను చాపల మీద అన్నిటికంటే ముందు, సరిగ్గా స్పీకరు పెట్టెల ఎదుట కూర్చోబెడతారు. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండవచ్చుననుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. పాటల సమయం ఒక్కటే దానికి రెండు మూడింతలు ఉంటుంది.

మైకుల కుర్రాడికి ఇదంతా లెక్కల రూపంలో తెలియకపోయినా చెవికి తెలుసు. అయినా తగ్గించలేడు. కీబోర్డు వాయించేవాడు తన గొట్టం పెంచమంటాడు, గాయకుడు తన గొంతు పెంచమంటాడు, ప్రసంగీకుడు చేత్తో పైకి పైకి అని సైగ చేస్తాడు. ఉచితంగా పనిచేసేవాడు ఎవరికి కాదనగలడు?

కొల్లేటి వైపు వెళితే ఈ ప్రశ్న మందిరం గోడలు దాటి బయటకు వస్తుంది. రాత్రి చల్లబడ్డాక నీటి మీది గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా వంగి మళ్ళీ కిందికి వస్తుంది. పగలు పక్క వీధికి చేరని పాట రాత్రి పక్క లంకలో స్పష్టంగా వినబడుతుంది. లంక గ్రామాలలో తెల్లవారుజామునే చెరువు పట్టుబడికి లేవవలసినవారుంటారు, రాత్రంతా చెరువు గట్టున కాపలా కాసి అప్పుడే నడుం వాల్చినవారుంటారు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరిగే రోజులకూ, మా శ్రమదినాల కూటాలకూ చాలా ఏళ్ళు పొంతన కలుస్తుంది. అటు మైకులు, ఇటు మైకులు. నీళ్ళు మాత్రం ఎవరి పక్షమూ వహించవు, రెండు వైపుల పాటలనూ అందరికీ మోస్తాయి.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాలలో లౌడ్‌స్పీకరు వాడరాదు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. అదే ఏడాది సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యంలో అప్పీలుదారు గుడీ కాదు, మసీదూ కాదు. మద్రాసులో ఒక కాలనీ వారితో వివాదపడిన పెంతెకొస్తు సంఘం. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని న్యాయస్థానం స్పష్టంగానే అన్నది. గుళ్ళ మైకుల మాటేమిటని నన్నడిగేవారుంటారు. వాటికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. కాని నేను మా ఇంటి సంగతి ముందు చూసుకుంటున్నాను.

ఇక డబ్బు విషయం. డబ్బు లేదనే మాట నేనొప్పుకోను. కొత్త స్పీకర్లు కొందామని ఆదివారం ప్రకటిస్తే నెల తిరక్కుండా చందాలు పోగవుతాయి. కొన్న పెట్టె మీద దాత పేరు రాయవచ్చు, మనిషి మీద రాయలేము, అదీ తేడా. తాడేపల్లిగూడెం వైపు ఒక సంఘంలో నేనెరిగిన కుర్రాడొకడుండేవాడు. ఐ.టి.ఐ. చదివాడు. ఏ తీగ ఎక్కడ తెగిందో చీకట్లో తడిమి చెప్పేవాడు. వానాకాలంలో మైకు గొట్టం ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎవరో అంటే, కూటం ఆపించి, ఎర్తు గుంట తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి బాగుచేసిన తరువాతే మళ్ళీ మీట వేశాడు. 2020లో మార్చి 25న లాక్‌డౌను వచ్చాక, జూన్ 8న మందిరాలు తెరుచుకునేదాకా, ఆ సంఘం ఆరాధన జరిగింది అతని ఫోనులోనే. పాస్టరుగారి ఇంటి వరండాలో దుప్పటి కట్టి, అదే గోడగా చేసి, యూట్యూబులో ప్రసారం చేశాడు. మందిరాలు తెరిచాక ఆ పని పోలేదు, పాత పనికి తోడైంది. జీతం? క్రిస్మసుకు ఒక జత బట్టలు, అప్పుడప్పుడు ఒక కవరు. పెళ్ళి కుదిరాక హైదరాబాదులో పెళ్ళిళ్ళకూ సభలకూ ధ్వని ఏర్పాట్లు చేసే సంస్థలో చేరిపోయాడు. అతను వెళ్ళిన ఏడాదికి ఆ సంఘం కొత్త డిజిటల్ మిక్సరు కొన్నది. దానిమీద ఇప్పుడు ఒక తెల్లని గుడ్డ కప్పి ఉంటుంది. పాతదే వాడుతున్నారు.

"సేవకు జీతమేమిటండీ" అని పెద్దలంటారు. వారు రోజూ చదివే గ్రంథంలోనే దీనికి జవాబుంది. దినవృత్తాంతముల మొదటి గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలో లేవీయులలోని గాయకులకు ఆలయపు గదులలో నివాసం, ఇతర పనులనుండి మినహాయింపు ఇచ్చారు. రాత్రింబగళ్ళు వాళ్ళ పని అదే గనుక. నా దృష్టిలో పూర్తికాలపు పదవి అంటే అదే. నెహెమ్యా గ్రంథం చివరి అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. లేవీయులకూ గాయకులకూ రావలసిన పాళ్ళు ఇవ్వకపోవడంతో వాళ్ళు ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. నెహెమ్యా వాళ్ళ భక్తి చాలలేదని గద్దించలేదు, అధికారులను గద్దించాడు. హైదరాబాదు వెళ్ళిన కుర్రాడి గురించి ఎవరైనా "లోకంలో పడిపోయాడు" అన్నప్పుడల్లా నాకా అధ్యాయం గుర్తుకువస్తుంది. అంతకు ముందు, గుడారం నిర్మించేటప్పుడు దేవుని ఆత్మతో నింపబడినవాడని నిర్గమకాండం పేరుపెట్టి చెప్పిన బెసలేలు ప్రవక్తా కాదు, యాజకుడూ కాదు. పనివాడు.

మన సొంత సంప్రదాయం కూడా ఈ విషయాన్ని తక్కువగా చూడలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. భక్తి ఉంటే చాలు, రాగం ఎలాగున్నా ఫర్వాలేదని ఆ పెద్దలు అనుకోలేదన్నమాట.

నాకు భయంగా ఉన్న అభ్యంతరం వేరే ఉంది. జీతమిచ్చి ఒకణ్ణి పెడితే ఆరాధన ప్రదర్శనగా మారిపోదా? మారవచ్చు. షికాగో శివార్లలోని విల్లో క్రీక్ చర్చి నాటకాన్నీ సంగీతాన్నీ దీపాలంకరణనూ ఆరాధనలో ఎంతగా కలిపిందో చదివిన వారికి తెలుసు. హ్యూస్టన్‌లో లేక్‌వుడ్ చర్చి 2005లో ఒక బాస్కెట్‌బాల్ క్రీడాప్రాంగణంలోకే మారింది. మన పట్టణాలలోనూ కొన్నిచోట్ల వేదిక మీద రంగు దీపాలు, పొగ యంత్రం వచ్చేశాయి. అవి చూసి మురిసిపోయే వయసు నాకు దాటిపోయింది. అయితే ఈ పొగ యంత్రాలు జీతగాళ్ళు తెచ్చినవి కావు, పెద్దలు వేరేచోట చూసి వచ్చి కొనిపించినవి. వద్దని చెప్పగల జ్ఞానమూ స్థానమూ ఉన్నవాడు లేకపోబట్టే వచ్చాయి. అందుకే ఆ మనిషికి జీతం సంఘ కమిటీ నుండి రావాలంటాను, పాస్టరుగారి చేతి మీదుగా కాదు. పాస్టరుగారి సైగకు కూడా తల అడ్డంగా ఊపగలిగినప్పుడే అది పదవి.

ప్రతి లంక సంఘానికీ ఒక పూర్తికాలపు ఉద్యోగి ఎలాగని అడుగుతారు. అవసరంలేదు. ఒక పాస్టరేటు కింద పలు గ్రామ సంఘాలుండటం మనకు అలవాటైన ఏర్పాటే. ఒకే పాస్టరుగారు వాటన్నిటికీ తిరుగుతారు. అదే పద్ధతిలో ఏలూరులో ఒక మనిషిని పెట్టుకుని ఎనిమిది పది సంఘాలు జీతం పంచుకోవచ్చు. వారంలో రోజుకొక ఊరు: తీగలు, ఎర్తు, పెట్టెల ఎత్తు, వాటి దిక్కు. ప్రతి ఊళ్ళో ఇద్దరు పిల్లలకు, వారిలో ఒకరు తప్పనిసరిగా ఆడపిల్ల, పని నేర్పాలి. పెట్టెను పిల్లల చెవుల ఎదుటి నుంచి తీసి పైకెత్తి వెనుక వరుస వైపు వంచడానికి ఒక నిచ్చెన, నాలుగు బోల్టులు చాలు. గోడలకు గోనెపట్టాలు, పరదాలు కట్టినా హోరు కొంత తగ్గుతుంది. ఏలూరు తివాచీలకు పేరుపడిన ఊరు, నున్నని టైల్సు మీద ఒకటి పరచడానికి మనసొప్పదేమో గాని దొరకక కాదు.

ఈ ప్రతిపాదనను మా సంఘ కమిటీ ముందు పెట్టాను. అందరూ శ్రద్ధగా విన్నారు. కోశాధికారిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగుందండీ, ముందు కొత్త జెనరేటరు సంగతి తేల్చాక చూద్దాం" అన్నారు.